తప్పిన సాలు

నంద్యాలలో నేను రెడ్ల పిల్లను. ఆళ్లగడ్డ వైపు పోతే కిరస్తానపు పిల్లను. బస్సు ఒకటే, టికెట్టు ఒకటే, కూర్చున్న సీటూ ఒకటే. శిరివెళ్ల దగ్గర ఎక్కడో నేను మాత్రం మారిపోయేదాన్ని. ఆ మారే చోటేదో పట్టుకోవాలని చిన్నప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని కూడా. జొన్నచేలు, తుమ్మచెట్లు, మళ్లీ జొన్నచేలు తప్ప ఏమీ కనిపించేవి కావు.

మా నాయనది శిరివెళ్లకూ ఆళ్లగడ్డకూ మధ్య రోడ్డు పక్కనే ఉన్న పల్లె. నల్లరేగడి సేద్యం చేసుకునే పాత రెడ్ల ఇల్లు. అమ్మది నంద్యాలలో ఊరికి ఎడంగా ఉండే పేట. వాళ్ల ముత్తాతల కాలంలోనే చర్చిలో చేరిన కుటుంబం. ఇద్దరూ టీచరు ట్రైనింగులో కలిశారు, రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. నాయన ఇంట్లో కొట్లాటలేమీ జరగలేదు. అంతకంటే చెడ్డది జరిగింది, అందరూ మాట్లాడటం మానేశారు. నాలుగేళ్ల తర్వాత నాయన ఒక్కడే పండగకో పబ్బానికో పోయి రావడం మొదలుపెట్టాడు. అమ్మను ఎవరూ రమ్మనలేదు, అమ్మా అడగలేదు.

నాకు కోపం ఎక్కువ. ఇప్పటికీ ఎక్కువే. చిన్నప్పుడు నేను పలక విసిరికొడితే మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, "ఇది ఆ రెడ్ల కోపమే, మన ఇంట్లో ఎవురికుండాది?" అనేది. నాయనతో అప్పుడప్పుడూ పల్లెకు పోయినప్పుడు అక్కడ నేను ఎదురు మాట్లాడితే "పేట నోరప్పా, యాడికి పోతాది" అనుకునేవాళ్లు. లెక్కల్లో మంచి మార్కులొస్తే మాత్రం రెండు వైపులవాళ్లూ వచ్చి తమ వాటా తీసుకునేవాళ్లు. నాలోని మంచికి ఇద్దరు సొంతదారులు, చెడుకు ఒక్కరూ లేరు.

పేటలో ఇంకో బాధ ఉండేది. అవ్వ ఇంటి పక్కన ఒక ముసలాయన కాలు బాగాలేక ఎప్పుడూ మంచం మీద ఉండేవాడు. వరసకు నాకు తాత అవుతాడు. అయినా నేను ఆ సందులోకి వస్తే కష్టపడి లేచి నిలబడేవాడు. "కూసోండమ్మా" అని నాకు మంచం చూపించేవాడు. ఎనిమిదేళ్ల పిల్లను. నా ఈడు పిల్లలందరినీ బూతులు తిట్టి తరిమే మనిషి, నన్ను మాత్రం మీరు అనేవాడు. నన్ను కూడా తిడితే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

పల్లెలో దీన్ని తిరగేసిన బాధ. అక్కడ మా జేజి ఉండేది. నాయన వాళ్లమ్మ. సన్నటి మనిషి, గట్టి గొంతు. పెదనాయన కొడుకులిద్దరినీ "ఏరా" అనేది, వీధిలో పిల్లలందరినీ "ఏమ్మే, ఏరా" అనేది, కోళ్లను కూడా పేరుపెట్టి పిలిచేది. నాతో మాత్రం నేరుగా మాట్లాడేది కాదు. నేను ఎదురుగా అరుగు మీద కూర్చుని ఉన్నా కోడలి వైపు తిరిగి "ఆ పాపకు అన్నం పెట్టు" అనేది. చెడ్డగా చూసిందని చెప్పలేను. నెయ్యి వేయించేది, కందిపొడి వేయించేది. మా వైపు ఎవరు ఎదురుపడినా మొదట వరస కలుపుకుంటారు. నువ్వు నాకు ఏమవుతావో తేలితే గాని మాట నడవదు. జేజికి నాతో వరస తేలలేదు. తేలేదాకా నేను ఆ పాపనే. ఆమె నోట ఒక్కసారి "ఏమ్మే" అనిపించుకోవాలని నాకు ఎంత కోరికగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా.

డెబ్బైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒకరోజు మధ్యాహ్నం పెదనాయన నంద్యాలలో మా ఇంటికి వచ్చాడు. అంతకు ముందు ఆయన మా గడప తొక్కలేదు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అది పూర్తిగా చల్లారాక ఒక్క గుక్కలో తాగేసి, తమ్ముడి వైపు చూసి అసలు మాట చెప్పాడు.

వాళ్ల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. జొన్న విత్తే మొదటి రోజు విత్తనం పోసేది ఇంట పుట్టిన ఆడబిడ్డే. కోడళ్లు కాదు, కూలికి వచ్చేవాళ్లు కాదు. ఎద్దులు గొర్రును, అంటే విత్తనం వేసే పనిముట్టును, లాగుతుంటే ఆ పిల్ల వెనకాలే నడుస్తూ, గొర్రు మీదుండే జడ్డిగంలో విత్తనం పోయాలి. జడ్డిగమంటే మూడు బొక్కలున్న చెక్క గిన్నె. ఒక్కో బొక్క కింద ఒక్కో వెదురు గొట్టం, ఒక్కో గొట్టంలోంచి భూమిలో ఒక్కో సాలు పడుతుంది. చేనికి సద్ది వచ్చేదాకా ఆడబిడ్డ చెయ్యి, ఆ తర్వాత కూలి మనిషి చెయ్యి. చిన్నప్పటి నుంచీ మా మేనత్తే పోసేది. పెళ్లయినాక కూడా ఆత్మకూరు నుంచి ఆ ఒక్కరోజు కోసం వచ్చేది. ఆ ఎండాకాలం ఆమె భర్త పోయాడు. ఇంక తాను పొయ్యనని ఆమే అన్నది.

"ఇంట్లో ఇంగెవురుండారు, నాకిద్దరూ మొగపిల్లోళ్లే," అన్నాడు పెదనాయన. "అక్కనే అనింది, తమ్ముని కూతురు లేదా అని. నిన్న వాన పడింది. రేపటికి పదునుంటాది. ఆపైన ఎండ కాస్తే పోతాది."

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసి, "పోతావా?" అంది. నేను అప్పటికే జడ వేసుకుంటున్నాను.

నాయనా నేనూ పల్లెకు చేరేసరికి సాయంత్రమైంది. నేను వచ్చిన సంగతి వీధిలో అందరికీ తెలిసిపోయి, ఇద్దరు పెద్దమనుషులు అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ జేజికి మరుదుల వరస. ఒకాయన సన్నగా, ఒకాయన లావుగా ఉండేవాళ్లు. నేను లోపల గుమ్మం పక్కన కూర్చుని అంతా వింటున్నాను.

"తండ్రిని బట్టే బిడ్డ. విత్తనం ఎవురిదైతే పైరు వాళ్లదే గదా," అన్నాడు సన్నాయన.

"నేల యాడిదో సూడొద్దా? చవుట్లో ఏస్తే నీ విత్తనం ఏమైతాది?" అన్నాడు లావాయన.

"అట్లంటే మన ఇండ్లల్లోకి వచ్చిన కోడండ్లంతా పరాయి నేలే కదప్పా."

"వాళ్లు మన కులమోళ్లు."

"కులం యాడుండాది, నేలలోనా, విత్తనంలోనా? అదే అడుగుతాండా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇద్దరూ పట్టుబట్టి కూర్చున్నారు. వాళ్ల మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. కానీ నన్ను పిలిచి నువ్వు ఎవరివనుకుంటున్నావని అడగాలని ఎవరికీ తోచలేదని మాత్రం బాగా అర్థమయింది. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. అయినా అడగాల్సింది.

చివరికి జేజి లోపలి నుంచి వచ్చింది. "విత్తనమంటాండారు, నేలంటాండారు. రేపు ఎండ కాస్తే రెండిట్లో ఏదీ ఉండదు. పదును మీకోసరం నిలబడ్తాదా? లేసి పోయి పండుకోండి," అంది.

లావాయన లేస్తూ, "సరే వదినా. పైరు చెప్తాదిలే ఎవురి పిల్లో," అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. పైరు బాగా వస్తే ఇంటి పిల్లను. రాకపోతే ఇంటిని చెరిపిన పరాయి పిల్లను. ఇంతమందికి తేలని సంగతి జొన్నలు తేల్చబోతున్నాయి. దేనికీ భయపడని నాకు ఆ రోజు బెదురు పుట్టింది.

తెల్లవారి పెద్దమ్మ, అంటే పెదనాయన భార్య, కుంకుమ భరిణె పట్టుకుని నా ముందు నిలబడింది. "బొట్టు పెట్టనా? మీయమ్మ ఏమన్నా అనుకుంటాదా?" అని మెల్లగా అడిగింది. ఆ అడగడం నాకు నచ్చింది. పెట్టమన్నాను.

చేనిలో ఎద్దులు కట్టి గొర్రు సిద్ధంగా ఉంది. గొర్రుకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. తోలేది ఆ ఇంటి సేద్యగాడు, ఆ పల్లె పేట మనిషి. మేనత్త దూరంగా గట్టు మీద నిలబడింది. జేజి ఆమె పక్కన ఉంది. పెద్దమ్మ నా ఓణీ కొంగులో జొన్నలు పోసి, "దేవున్ని తలుచుకొని మొదటి పిడికిలి పొయ్యి" అంది.

మా పేటలో దేవుణ్ణి తలుచుకోవడమంటే నోరు మూసుకుని తలుచుకోవడం కాదు. కళ్లు మూసుకుని, అందరికీ వినపడేటట్టు ప్రార్థన చేయాలి. అవ్వ మల్లెతీగ నాటినా అట్లనే, ఊరికి బయల్దేరినా అట్లనే. నాకు ఇంకో రకం తెలియదు. కళ్లు మూసుకున్నాను. "పరలోకమందున్న తండ్రీ, ఈ జొన్నలు బాగా మొలిచేటట్టు చెయ్యి, ఎద్దులకు బలమియ్యి, మా జేజికి ఆరోగ్యమియ్యి, ఏసు నామమున అడుగుతున్నాము తండ్రీ" అని గట్టిగా చదివి, ఆమేన్ అన్నాను.

"ఆమేన్" అన్నాడు సేద్యగాడు వెనక నుంచి. కళ్లు తెరిచి చూస్తే ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. అలవాటు కొద్దీ తీసినట్టున్నాడు. నేను చూడగానే గబుక్కున మళ్లీ చుట్టుకున్నాడు.

పసుపు రాసిన గొర్రు ముందు, కొట్టిన కొబ్బరికాయ పక్కన ఏం జరిగిందో అప్పుడు తెలిసింది నాకు. ముఖం మండిపోయింది. పెదనాయన జేజి వైపు చూశాడు. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, మరేమో తెలియలేదు. తర్వాత చెయ్యి తీసి, "అయిపాయె గదా, ఇంగ తోలండ్రా" అంది.

తోలారు. సద్ది వచ్చేదాకా గొర్రు వెనకాల నడిచాను. పోసేటప్పుడు చెయ్యి ఆగకుండా, మూడు బొక్కల మీదా సమంగా తిరగాలి. మేనత్త గట్టు మీద నుంచే ఎట్లా తిప్పాలో చూపించింది గాని దగ్గరికి రాలేదు. అంత బాధలో కూడా నా కోసం ఎండలో నిలబడింది. నా చెయ్యి సమంగానే తిరుగుతోందని నేను అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో నాయన నా పక్కన కూర్చుని ఎన్నడూ లేనిది ఈల వేశాడు.

వారం దాటాక సేద్యగాడు ఎవరో చుట్టం పెళ్లికి నంద్యాల పేటకు వచ్చి సంగతి చెప్పాడు. జొన్న బాగా మొలిచింది. కానీ నేను పోసిన మేర అంతా, గొర్రు పోయినచోటల్లా మూడు సాళ్లకు ఒక సాలు లేదు. నా చెయ్యి ఒకవైపుకే ఒరిగి, మూడో బొక్కలో విత్తనం పడనే లేదన్నమాట. ఆళ్లగడ్డ రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకు కూడా కనపడుతోందట. "పేట చెయ్యి కదా, అందుకే" అని పల్లెలో అనుకుంటున్నారట.

ఆ మాటకు మా పేటలో ఆడవాళ్లకు రోషం వచ్చింది. వాళ్లు కార్తె వచ్చిందంటే ఊరూరా కూలికి పోయి విత్తనం పోసేవాళ్లు. అది వాళ్లకు అన్నం పెట్టే పని. అవ్వ సందులో నిలబడి అందరికీ వినపడేటట్టు చెప్పింది. "పేట చెయ్యంట. మన చెయ్యైతే ఒక్క గింజ పక్కకు పడ్తాదా? అది రెడ్ల చెయ్యి. కూర్చోని తినే చెయ్యి. సాలు తప్పక ఏమైతాది?"

అందరూ అవునన్నారు. మంచం మీది ముసలాయన కూడా అవునన్నాడు. నా చేతులు రెండూ ముందర పెట్టుకుని చూసుకున్నాను. మామూలు చేతులే. కుడిచేతి మధ్యవేలికి సిరా మరక ఉంది. ఇవి ఎవరివి మరి? ఆ రాత్రి అన్నం తినలేదు. నేను ఎవరికీ అక్కర్లేదని అప్పటిదాకా అనుమానంగా ఉండేది, ఆ రోజు ఖాయమైంది. నాయన వచ్చి పక్కన కూర్చుంటే, "నన్ను తీసుకపో. ఆ చేను చూడాల" అన్నాను. ఎందుకో నాకే తెలియదు. మొండితనం. ఇది ఏ వైపు నుంచి వచ్చిందో ఇంకా పంపకాలు కాలేదు.

ఆదివారం నేనూ నాయనా బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా చేనుకే నడిచాం. నిజమే. పచ్చగా రెండు సాళ్లు, నల్లగా ఒక ఖాళీ, మళ్లీ రెండు సాళ్లు. చేను ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వెన పళ్లు విరిగినట్టుంది. ఆ ఖాళీల్లో ఒకచోట జేజి గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో మొన ఉన్న కట్టె, పక్కన గంప. కట్టెతో పొడిచి, కింద ఇంకా మిగిలిన తేమలో శనగగింజ వేసి, మన్ను కప్పుతోంది. ఆ వయసులో ఒక్కతే. గట్టు మీద తుమ్మచెట్టు నీడలో లావాయన నిలబడి చోద్యం చూస్తున్నాడు.

మమ్మల్ని చూసి ఆయన గొంతు పెంచాడు. "సూస్తివా వదినా? పైరు చెప్తాదంటి. చెప్పింది. పేట చెయ్యి పనిచేసింది."

జేజి కట్టె కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెల్లగా లేచింది.

"ఎవురి చెయ్యి?" అంది.

ఆయన తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన ఏడు ఈ చేన్లోనే విత్తనం పోసినా. సద్ది తిన్యాక కూలిమనిషి లేక నన్ను పొమ్మన్యారు. ఇట్లనే మూడో సాలు పాయె. ఇదో ఇట్లనే. మా అత్త ఏమనిందో తెల్సునా? మీ పుట్టింటోళ్ల చెయ్యి, పని రాని చెయ్యి అనింది. నడివీధిలో అనింది. నువ్వప్పుడు చిన్నోనివి, నీకు గుర్తుండదు. నాకుండాది." తన కుడిచెయ్యి ఎత్తి చూపించింది. మన్ను అంటుకున్న చెయ్యి. "నాది కుడిపక్కకు ఒరుగుతాది. దాందీ కుడిపక్కకే ఒరిగింది. నా మనవరాలికి నా చెయ్యి రాక ఎవురి చెయ్యి వస్తాది? పేట చెయ్యి కాదు, పాడూ కాదు. ఇది నా చెయ్యి."

లావాయన తువ్వాలు దులుపుకుని గట్టు దిగిపోయాడు. ఊర్లో ఇంక ఆ మాట ఎత్తడని మాకు తెలుసు. జేజి మాట మీద మాట చెప్పే ధైర్యం ఆ కొంపల్లో ఎవరికీ లేదు.

నేను నిలబడిన చోటే నిలబడ్డాను. మార్కులు తమ వాటా అన్నవాళ్లను చూశాను, రంగు తమ పోలిక అన్నవాళ్లను చూశాను. నా తప్పును తనదని తీసుకున్న మనిషిని అదే మొదటిసారి చూడటం. ఆ మరిది ముందే ఎన్నో ఏళ్ల కిందటి తన అవమానాన్ని బయటికి తీసి, నన్ను ఇంట్లోకి చేర్చుకుంది. నాయన ముఖం అటు తిప్పుకున్నాడు.

జేజి అప్పటికే మళ్లీ కూర్చుని కట్టె అందుకుంది. తల ఎత్తకుండానే అంది.

"ఏమ్మే, ఏంది అట్ల సూస్తా నిలబడ్నావ్? ఆ శనగల గంప ఇట్ల తే. బేగా రా, తేమ పోతాది."

గంప ఎత్తుకుని పోయాను. ఏడుపు వస్తే మళ్లీ ఏమంటుందోనని తల వంచుకుని సాలు చివరిదాకా గింజలు వేస్తూనే ఉన్నాను.

నంద్యాల చేరి సంగతంతా చెబితే అవ్వ గెలిచినట్టు నవ్వింది. "నేను చెప్పలే? వాళ్ల చెయ్యే అని. ఇప్పుడు ఆ యమ్మే ఒప్పుకునింది గదా," అని సందంతా తిరిగి చాటింది. ఆమెకు ఆ సంతోషం చాలు. ఎనభైల్లో ట్రాక్టరు గొర్రు వచ్చేదాకా ఏటేటా మొదటి విత్తనం నేనే పోశాను. ప్రతి ఏడూ జేజి ముందుగా, "ఎడమపక్కకు ఒంచి పొయ్యి, మన చెయ్యి సంగతి తెల్సు గదా" అనేది.

అమ్మ మాత్రం ఆ రోజు జొన్నరొట్టె తడుతూ చివరిదాకా విన్నది. "ఏమని పిలిచింది?" అని అడిగింది.

"ఏమ్మే అనింది."

"ఏమ్మే అనిందా?" అని మళ్లీ అడిగింది. పెనం మీద రొట్టె మాడుతోంది. అమ్మ దాన్ని తిప్పలేదు. పెళ్లయి పదహారేళ్లయినా ఆ ఇంట్లో తనను ఎవరూ ఏమనీ పిలవలేదు. కాసేపటికి చెంగుతో కళ్లు తుడుచుకుని, "సరే, ఒకరినన్నా పిలిచింది" అని రొట్టె నా పళ్లెంలో వేసింది.